సింహాచల శాసనములలో సేద్యము

దేవాలయ శాసనములను మనము సాధారణముగా రాజవంశముల కాలనిర్ణయమునకును, భాషాపరిణామ చర్చకును వినియోగించుకొందుము. అవి సేద్యచరిత్రకును ప్రబలాధారములే. ఇందుకు సింహాచలము చక్కని నిదర్శనము.

ఇచ్చటి శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనది క్రీ. శ. 1098-99 నాటిది, కులోత్తుంగ చోళుని కాలమునకు చెందినది. 13వ శతాబ్దిలో తూర్పు గాంగరాజగు మొదటి నరసింహదేవుడు ఆలయమును పునర్నిర్మింపజేసెను. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా సందర్భమున స్వామిని దర్శించి ఆభరణములను సమర్పించెను. ఆభరణములు భాండాగారమున నిలుచును. కాని నిత్యకైంకర్యము నడచుటకు పొలము పండవలెను, ఆవు పాడి యీయవలెను. అఖండదీపమునకు గోవుల నిచ్చుట యనగా, వాని నేయి నియమముగా గుడికి చేరునట్లు ఏర్పాటు చేయుటయే. నైవేద్యమునకు ధాన్యమును, పూలమాలలకు తోటలును ఇట్లే ఏర్పడినవి. గోల్కొండ ప్రభువుల పాలనలో కొంతకాలము కుంటుపడిన కైంకర్యములకై 1604లో సర్వప్ప అశ్వరాయుడు నరవ గ్రామమును దానము చేసెను. అనగా ఆగిన పూజ మరల సాగుటకు ఒక యూరి పంట ఆధారమైనది.

ఇచ్చట ఒక మాట విచారణీయము. తెలుగునాట ‘పుట్టి’ అనునది ధాన్యపు కొలతయు, భూమి కొలతయు. ఒక నేల యెంత యనిన, అందు ఎంత విత్తు పట్టునో, ఎంత గింజ పండునో అంతయే. దాత దేవునకు నిజముగా సమర్పించినది ఫలము. దానిని పండించు కృషీవలుడు ఆ దానమునకు మూడవ భాగస్వామి. శాసనమున అతని పేరు కానరాకున్నను, ధర్మము నడచినది అతని శ్రమచేతనే.

1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైనది. 1941లో నౌకానిర్మాణశాలకు, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఉక్కు కర్మాగారమునకై అనేక గ్రామముల వారు తమ భూములను కోల్పోయిరి. ఇట్లు విస్తరించిన నగరము సింహగిరి పాదములను చుట్టుకొనెను. నేడు ఆ నేలను కొలుచునది పుట్లతో కాదు, గజములతో.

అడివివరము, వేపగుంట, పురుషోత్తపురము, చీమలాపల్లి, వెంకటాపురము అను పంచగ్రామముల వివాదమునకు మూలమిదియే. ఇనాముల రద్దు చట్టము ననుసరించి 1996లో రైత్వారీ పట్టాలు దేవస్థానమునకు లభించెను. ఐనను అప్పటికే అచ్చట తరతరములుగా దున్నిన రైతులును, కష్టార్జితముతో ఇండ్లు కట్టుకొన్నవారును ఉండిరి. దేవస్థానపు హక్కును కాదనలేము. వారి నివాసమును తృణీకరింపజాలము. పంటను పంచుకొనుటకై పుట్టిన వ్యవస్థ, పంట లేని నేలను పంచవలసి వచ్చినప్పుడు నిరుత్తరమగుచున్నది. ఈ చిక్కును కేవలము పట్టాల తగవుగా చూచుట చాలదు.

సేద్యము సింహగిరిని పూర్తిగా విడిచిపోలేదు. కొండవాలున అనాస, పనస, సంపెంగలు నేటికిని గిరివాసులకు జీవనాధారములు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ ప్రాంతపు తోటలకు తీరని నష్టము కలిగించెను. నగరపు ఒత్తిడికి ప్రకృతివైపరీత్యము తోడైనప్పుడు చిన్నరైతు నిలద్రొక్కుకొనుట దుష్కరము.

శాసనములందలి గ్రామములను, చెరువులను, తోటలను నేటి నగరపటముపై గుర్తించు పనికి పరిశోధక విద్యార్థులు పూనుకొనవలెను. ఏ నేల ఎవరికి అన్నము పెట్టినదో తెలిసినగాని, మిగిలిన నేలనైనను ఎందులకు కాపాడవలెనో తెలియదు.