ఉండేవాళ్లదే ఇల్లు

బ్రిటన్‌లో పేదలకు ప్రభుత్వమే ఇళ్లు కట్టించిందని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. కట్టించిన మాట నిజమే. ఎవరు మెడలు వంచితే కట్టించిందో, ఆ ఇళ్లు చివరికి ఎవరి పాలయ్యాయో కూడా చెప్పుకోవాలి. నేను స్థిరపడిన గ్లాస్గో నగరానికి ఆ రెండూ బాగా తెలుసు.

1914లో యుద్ధం రాగానే క్లైడ్ నది ఒడ్డున షిప్‌యార్డులు, ఆయుధ కర్మాగారాలు రాత్రింబవళ్లు నడిచాయి. పని కోసం వేలమంది వచ్చిపడ్డారు. కొత్త ఇళ్ల కట్టుబడి మాత్రం ఆగిపోయింది. అదను చూసి యజమానులు గోవన్, పార్టిక్ పేటల్లో అద్దెలు పెంచారు, కొన్నిచోట్ల నాలుగో వంతు దాకా. వసూలుకు వచ్చేది యజమాని కాదు, అతని ఏజెంటు. ఇక్కడ అతన్ని ఫ్యాక్టర్ అంటారు.

అప్పటి ఇళ్ల అమరిక తెలిస్తే తర్వాతి సంగతి అర్థమవుతుంది. మూడు నాలుగు అంతస్తుల రాతి కట్టడం. అందరికీ ఒకటే మెట్లదారి. చాలా కుటుంబాలకు ఉన్నది ఒకటి రెండు గదులే. మెట్ల మలుపులో ఉమ్మడి మరుగుదొడ్డి, వెనక ఉమ్మడి పెరడు. రోజంతా ఒకరికొకరు ఎదురుపడే ఆ మెట్ల మీదే ఆడవాళ్ల సంఘం బలపడింది. గోవన్ గృహిణి మేరీ బార్బర్ ముందు నిలిచింది. వంటిళ్లలో మీటింగులు జరిగాయి. పెంచిన అద్దె కట్టబోమని కిటికీలకు కార్డులు అంటించారు. ఖాళీ చేయించేవాళ్లు వస్తున్నారని గంట మోగితే చాలు, ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ దిగివచ్చేవారు. పిండి పొట్లాలతో, తడిబట్టలతో కొట్టి తరిమేవారు. మెట్ల నిండా మనుషులుంటే సామాను బయట పడేయడం ఎవరి తరం? ఒకసారి ఒక ఫ్యాక్టర్, మిగతావాళ్లంతా కట్టేశారని అబద్ధమాడి పెంచిన అద్దె వసూలు చేసుకున్నాడు. బార్బర్ షిప్‌యార్డు కార్మికులను వెంటబెట్టుకుని అతని ఆఫీసుకే వెళ్లి ఆ డబ్బు వెనక్కి ఇప్పించింది.

1915 నవంబరు నాటికి 20 వేల కుటుంబాల దాకా సమ్మెలో ఉన్నాయి. ఆ నెల 17న, పెంచిన అద్దె కట్టని 18 మందిని కోర్టుకు ఈడ్చారు. కార్మికులు పనులు ఆపి వేలాదిగా కోర్టు ముందుకు వచ్చేసరికి కేసులు వదిలేశారు. డిసెంబరు తిరక్కుండానే చట్టం వచ్చింది. సామాన్యుల ఇళ్ల అద్దెలు 1914 ఆగస్టు నాటి మొత్తం దాటకూడదని, గ్లాస్గోకే కాదు, బ్రిటన్ మొత్తానికీ. 1918లో బొంబాయికి అలాంటి యుద్ధకాలపు అద్దె చట్టమే వచ్చింది. మనకు తెలిసిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టమూ ఆ కోవలోదే.

తర్వాత 1919, 1924 చట్టాలతో మున్సిపల్ కౌన్సిళ్లు పెద్దఎత్తున ఇళ్లు కట్టాయి. ఇంట్లోనే నీళ్లు, స్నానాల గది. అది చిన్న మేలు కాదు. కానీ పెత్తనం మాత్రం మెట్లదారి నుంచి కౌన్సిల్ ఆఫీసుకు పోయింది. రెండో యుద్ధం తర్వాత ఊరి చివర ఈస్టర్‌హౌస్, డ్రమ్‌చాపెల్ లాంటి పెద్ద కాలనీలు లేచాయి. వేల కుటుంబాలను తరలించాక కూడా ఏళ్ల తరబడి సరైన దుకాణాలు లేవు. ఉండబోయేవాళ్లను ఎవరూ అడగలేదు. కాలిన్ వార్డ్ అనే అనార్కిస్టు రచయిత 1974లోనే ఒక పుస్తకం రాశాడు. ఈ కాలనీలను అద్దెదారుల ఉమ్మడి చేతుల్లో పెట్టండని దాని సారాంశం. ఆ పని జరగలేదు. 1980 నుంచి థాచర్ ప్రభుత్వం ఆ ఇళ్లను అద్దెదారులకు విడివిడిగా, తగ్గింపు ధరకు అమ్మకం పెట్టింది. 2016లో ఆపేసే లోపు స్కాట్లాండ్‌లో సుమారు 5 లక్షల ఇళ్లు అలా పోయాయి. కొన్నవాళ్లను నేను తప్పుపట్టను. ఆఫీసు పెత్తనం కింద అన్నేళ్లు బతికినవాళ్లకు తమ ఇల్లు అనిపించుకునే దారి అదొక్కటే కనిపించింది. అమ్ముడైన ఇళ్లలో చాలావాటిని ఇవాళ ప్రైవేటు యజమానులు ఎక్కువ అద్దెకు ఇస్తున్నారు. మిగిలిన సుమారు 80 వేల ఇళ్లను గ్లాస్గో కౌన్సిల్ 2003లో ఒకే సంస్థకు అప్పగించి చేతులు దులుపుకుంది.

ఎర్రజెండా కింద పెరిగిన నాకు ఇందులో ఒక సంగతి బాధ కలిగిస్తుంది. యజమాని నుంచి ఇల్లు లాగి సర్కారుకిస్తే సోషలిజం అయిపోయిందని మన పార్టీలూ, ఇక్కడి పార్టీలూ నమ్మాయి. సర్కారు చేతిలో ఉన్నదాన్ని సర్కారే అమ్ముకోగలదు. దున్నేవాడికే భూమి అని నినదించిన నేల మనది. ఇంటి మీద పెత్తనం ఉండేవాళ్లందరిదీ కావాలన్న మాట, రాజ్యం పెత్తనం అక్కర్లేని కమ్యూనిజం అన్న మాట, తెలుగువాళ్లకు కొత్తగా తోచనక్కర్లేదు.

అలాంటి ప్రయత్నాలు ఇక్కడ లేకపోలేదు. గ్లాస్గో పక్కనే కాంబస్‌లాంగ్‌లో వెస్ట్ విట్లాబర్న్ అనే కాలనీ ఉంది. ఎత్తయిన టవర్లు, వాటి చుట్టూ చిన్న బ్లాకులు. 1989లో అక్కడి అద్దెదారులు సహకార సంఘం పెట్టుకున్నారు. అద్దెకున్నవాళ్లే సభ్యులు, వాళ్లు ఎన్నుకున్న కమిటీయే యాజమాన్యం. మరమ్మతులకు ముందు ఏ బ్లాకు ఎత్తుకోవాలో, అద్దె ఎంత పెంచాలో తేల్చేది ఆ కమిటీయే. తేల్చినవాళ్లూ అదే అద్దె కడతారు.