బొక్కసపు తాళపుచెవి

చరిత్రగ్రంథములలో యుద్ధములకు గల ప్రసిద్ధి జమాఖర్చులకు లేదు. ఏ రాజు ఏ కోటను పట్టెనో, ఏ సేనాపతి ఏ నదియొడ్డున ఓడెనో మన బాలురు వల్లించుచున్నారు. ఆ సేనకు బత్తెము ఎవరిచ్చిరి, ఆ సొమ్ము ఏ కాపువాని గాదెనుండి, ఏ నేతగాని మగ్గమునుండి వచ్చెను అని అడుగువారు అరుదు. కాని ఒక దేశపు ప్రజలు స్వతంత్రులా, పరతంత్రులా యని తెలిసికొనుటకు కోటగోడలకంటె బొక్కసపు తలుపే మంచి గుఱుతు. ఆ తలుపు తాళపుచెవి ఎవరి చేత నున్నది? తీసిన సొమ్మునకు ఎవరు ఎవరికి లెక్క చెప్పవలెను? ఈ రెండు ప్రశ్నలకు దొరకు సమాధానమే ప్రభుత్వము యొక్క నిజస్వరూపము. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఈ ప్రశ్నలకు స్థిరమైన సమాధానము కల్పించినవారిలో విలియం యీవర్టు గ్లాడ్‌స్టన్ ముఖ్యుడు. ఆయన నాలుగు పర్యాయములు ప్రధానమంత్రి యయ్యెను. అయినను మా యభిప్రాయమున ఆయన కీర్తికి నిలుకడయైన ఆధారము ఆర్థికమంత్రిగా కామన్సుసభలో చేసిన పనియే. పన్నులు తగ్గించిన మంత్రులు పలువురు కలరు; తన చేతికి తానే కట్టు వేసికొన్న మంత్రులు అరుదు. మేమిచట చూపదలచినది ఆ కట్టును.

గ్లాడ్‌స్టన్ 1809వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన లివర్‌పూలు నగరమున జన్మించెను. తండ్రి గొప్ప వర్తకుడు; వెస్టిండీసు దీవులలోను, గయానాలోను బానిసలచే సాగుచేయించిన తోటలకు యజమానుడు. 1833లో బానిసత్వమును రద్దుచేసినప్పుడు బ్రిటిషు ప్రభుత్వము యజమానులకు రెండుకోట్ల పౌనుల పరిహారము నిర్ణయించెను. బానిసలకు కానియైన నియ్యలేదు. ఆ ప్రజాధనములో లక్ష పౌనులకు మించిన సొమ్ము గ్లాడ్‌స్టన్ తండ్రికి ముట్టెను. 1838లో కలకత్తానుండి మన దేశపు కూలీలను ఒప్పందము మీద ఓడలలో ఎక్కించి గయానాకు పంపించిన యేర్పాటునకు మూలపురుషులలో ఆ తండ్రియే యొకడు. 1832 చివరను కామన్సుసభకు ఎన్నికైన కుమారుడు మరుసటియేడు తండ్రి పక్షమును సమర్థించుచు మాటలాడెను. ఈ సంగతులను దాచి ఆయనను స్తుతించుట చరిత్రకు ద్రోహము. తరువాత ఆయన యభిప్రాయములు చాల మారినవి. కాని పుట్టిన యింటి సొమ్ము ఎటువంటిదో చదువరులు మఱవరాదు.

ఆర్థికవిషయములందు ఆయనకు గురువు సర్ రాబర్టు పీలు. యుద్ధకాలమున 1799లో పుట్టి, 1816లో తొలగింపబడిన ఆదాయపుపన్నును పీలు 1842లో మరల విధించెను. ధనికుల యాదాయముపై పన్ను వేసి, ఆ బలముతో బీదవాడు కొనెడి వస్తువులపై సుంకములు తగ్గించుట ఆయన పద్ధతి. అప్పుడు వర్తకశాఖలో పనిచేయుచున్న గ్లాడ్‌స్టన్ ఒక్కొక్క వస్తువు సుంకమును పట్టికలు పట్టి పరిశీలించి, ఆ విద్యను చేతిపనివాని వలె నేర్చెను. 1852 డిసెంబరులో డిజ్రేలీ ప్రవేశపెట్టిన ఆయవ్యయపట్టికను అర్ధరాత్రి దాటిన తరువాత లేచి ఖండించెను. ఆ పట్టిక 19 ఓట్ల తేడాతో ఓడిపోయి, మంత్రివర్గము పడిపోయెను. కొలది దినములకే గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రి యయ్యెను.

1853 ఏప్రిలు 18వ తేదీన ఆయన చేసిన యుపన్యాసము నాలుగుగంటల ముప్పావుసేపు సాగెను. అంతవఱకు పన్నుల లెక్కలు సభ్యులకు నిద్ర తెప్పించు విషయముగా నుండెను; ఆ దినము మొదలు అవి దేశమంతయు విను కథ లయ్యెను. ఆదాయపుపన్నును పౌనునకు 7 పెన్నీల చొప్పున, అనగా నూటికి ఇంచుమించు మూడు వంతున, రెండేండ్లు ఉంచి, పిదప 6, ఆ పిదప 5 పెన్నీలకు దించి, 1860లో పూర్తిగా ఎత్తివేయుదునని క్రమము చెప్పెను. సబ్బుపై సుంకము తీసివేసెను. శుభ్రత కావలెనని బీదలకు ఉపదేశించుచు సబ్బుపై పన్ను వేయుటకంటె వింత యేమున్నది? 123 వస్తువులపై దిగుమతి సుంకములు రద్దుచేసి, 133 వస్తువులపై తగ్గించెను. అంతవఱకు తప్పించుకొనుచున్న భూస్వాముల వారసత్వపు టాస్తిపై పన్ను కల్పించెను.

ఆ క్రమము నెఱవేఱలేదు. 1854లో క్రిమియా యుద్ధము వచ్చిపడెను. యుద్ధవ్యయమునకు అప్పు చేయుట సులభము. అప్పుతో చేయు యుద్ధము ప్రజలకు నొప్పి తెలియనీయదు, బిడ్డల తరమునకు మాత్రము వడ్డీతో తెలియును. కావున యుద్ధము కోరినవారే దాని ఖరీదు పన్నురూపమున అప్పటికప్పుడు చెల్లింపవలెనని ఆయన వాదించి, ఆదాయపుపన్నును రెట్టింపు చేసెను. అప్పు పూర్తిగా తప్పకపోయినను, ఆ వాదములోని నీతి పాతది కాలేదు.

1859లో ఆయన మరల ఆర్థికమంత్రి యయ్యెను. ఆ పర్యాయము జరిగిన వానిలో మన పాఠకులకు మిక్కిలి దగ్గఱి కథ కాగితపు సుంకము. 1712 మొదలు ఇంగ్లండులో తయారగు కాగితముపై సుంకము కలదు. దానిపై పత్రికకు ముద్రసుంకము, ప్రకటనకు వేఱొక సుంకము చేరి, చదువు ధనికుని సొత్తుగా నుండెను. దీనిని ఎదిరించినవారు జ్ఞానముపై పన్ను అని పేరు పెట్టిరి. ప్రకటనల సుంకము 1853లోను, పత్రికాముద్రసుంకము 1855లోను పోయెను. కాగితపు సుంకము మిగిలెను. 1860లో గ్లాడ్‌స్టన్ ఫ్రాన్సుతో జరిగిన వర్తకసంధి ననుసరించి, సుంకము గల వస్తువుల సంఖ్యను 419 నుండి 48కి దించెను. కాగితపు సుంకమును కూడ రద్దుచేయ సంకల్పించెను. ఏటేట పదిలక్షల పౌనులకు మించిన యాదాయము దానివలన వచ్చుచుండెను. ప్రధానమంత్రి పామర్‌స్టన్‌కే ఈ రద్దు ఇష్టము కాదు. కామన్సుసభలో తుదకు 9 ఓట్ల యాధిక్యముతో బిల్లు నెగ్గెను. ప్రభువులసభ దానిని 89 ఓట్ల యాధిక్యముతో త్రోసివేసెను.

ఇచట ప్రశ్న కాగితముతో ఆగలేదు. పన్ను విధించుటకు గాని తీసివేయుటకు గాని అధికారము ప్రజలు ఎన్నుకొన్న సభదా, వంశక్రమమున కూర్చున్న ప్రభువులదా? ప్రజాప్రతినిధులు తీసివేసిన పన్నును ప్రభువులు నిలిపి వసూలు చేయించినచో, తాళపుచెవి ఎవరి చేత నున్నట్లు? గ్లాడ్‌స్టన్ కోపముతో కేకలు వేయుటతో తృప్తిపడలేదు. మరుసటియేడు ఆ సంవత్సరపు పన్నుల ప్రతిపాదనలన్నియు ఒకే బిల్లులో చేర్చెను. ప్రభువులు కాగితపు సుంకమును నిలుపవలెనన్నచో సంవత్సరపు పన్నుల యేర్పాటునంతను త్రోసివేయవలెను. అంత సాహసము వారికి లేకపోయెను. 1861 అక్టోబరు 1వ తేదీతో కాగితపు సుంకము అంతరించెను. చౌకపత్రికలు కూలివాని గుడిసెకు చేరెను. ఆ యొక్క బిల్లు పద్ధతియే నేటి ఆర్థికబిల్లునకు పూర్వరూపము. 1909లో ప్రభువులు సాహసించి ఆయవ్యయపట్టికనే త్రోసివేయగా, 1911 నాటి పార్లమెంటు చట్టము ద్రవ్యవిషయములందు వారి నిరోధశక్తిని తీసివేసెను.

పన్ను వేయుట తాళపుచెవి కథలో సగమే. తీసిన సొమ్ము చెప్పిన పనికే వ్యయమయ్యెనా? కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున అధికారులు ప్రభుత్వద్రవ్యమును అపహరించు విధములు నలువదియని లెక్కించెను. అంత తెలిసిన యాతడు లెక్క రాజునకు చెప్పించెనేగాని ప్రజలకు చెప్పించలేదు. ఇంగ్లండులోను చాలకాలము సభ సొమ్ము మంజూరుచేయుటయేగాని, దాని వ్యయమును తుదవఱకు వెంబడించుట లేకుండెను. గ్లాడ్‌స్టన్ కాలముననే 1861లో ప్రభుత్వ లెక్కల సంఘము కామన్సుసభలో ఏర్పడి, మరుసటియేడు శాశ్వతమయ్యెను. 1866లో ఆయన తెచ్చిన చట్టము ఈ నిర్మాణమునకు శిఖరము. దాని ప్రకారము సభ మంజూరు చేయని కాసు బొక్కసమునుండి కదలరాదు. ప్రతి శాఖయు తన వ్యయమునకు ఏటేట లెక్క వ్రాసి యియ్యవలెను. ఆ లెక్కను ప్రధాన తనిఖీ యధికారి పరిశీలింపవలెను. ఆతని నివేదికను సభాసంఘము విచారింపవలెను. ఆ యధికారిని మంత్రి తొలగింపజాలడు. ఉభయసభలు కోరినగాని ఆతని పదవి పోదు. ఆ సంఘమున కధ్యక్షుడు ప్రతిపక్షమువాడుగా నుండుట ఆచారమయ్యెను.

చిట్టా వ్రాయువాడు ఒకడు, ఆవర్జా సరిచూచువాడు మఱియొకడు కావలెనని మన కోమటి యంగడిలోని గుమాస్తాకును తెలియును. తాను వ్రాసిన పద్దును తానే దిద్దుకొన్నచో లెక్క కుదురును, సొమ్ము కుదురదు. ఇంత చిన్న సంగతిని ఒక సామ్రాజ్యపు బొక్కసమునకు వర్తింపజేయుటలో విశేషమేమనగా, ఆ కట్టు మొదట తగులునది దానిని వేసిన మంత్రికే. అధికారములో నున్నవాడు తన యధికారమునకు సాక్షిని నియమించి, ఆ సాక్షిని తాను కదల్పలేనట్లు చేయుట సామాన్యము కాదు.

ఈ మితవ్యయము పిసినితనము కాదు. కొవ్వొత్తి తుండులను కూడ పొదుపుచేయనొల్లని ఆర్థికమంత్రి ఆ పదవికి తగడని ఆయన 1879లో ఒక సభలో చెప్పెను. ఆ మనుష్యుడే 1861లో తపాలాకచ్చేరీలలో పొదుపుబ్యాంకులు తెఱపించి, ఒక్క షిల్లింగు గల పనికత్తెకును తన సొమ్ము దాచుకొను చోటు కల్పించెను. ఆ యేర్పాటు 1882లో మన దేశమునకును వచ్చెను. ఆయన కోరినవన్నియు నెఱవేఱలేదు. ఆదాయపుపన్నును ఎత్తివేయుదునని 1874లో మరల వాగ్దానము చేసి, ఆ యెన్నికలలో ఓడిపోయెను. 1894లో నౌకాసైన్యపు వ్యయమును పెంచుటకు సమ్మతింపక, కన్నును చెవియు మందగించిన వయసున ప్రధానపదవిని విడిచెను. పన్ను పోలేదు, వ్యయము తగ్గలేదు; లెక్క చెప్పవలెనను ధర్మము మాత్రము మిగిలెను.

ఇక మన దేశపు మాట. కాగితపు సుంకమును గుఱించి కామన్సుసభ పోరాడుచున్న 1860వ సంవత్సరముననే, జేమ్సు విల్సన్ కలకత్తాలో రాజప్రతినిధి సభయందు ఆయవ్యయపట్టికను ప్రవేశపెట్టి, 1857 నాటి తిరుగుబాటు వలన పెరిగిన లోటు తీర్చుటకు ఆదాయపుపన్ను విధించెను. ఆ పన్ను చెల్లించు భారతీయునకు ఒక్క ఓటైనను లేదు. ఇంగ్లండులో ఉప్పుపన్ను 1825లోనే పోయెను. మన కూలివాని గంజిలోని ఉప్పుపై అది 1947 వఱకు నిలిచెను. గ్లాడ్‌స్టన్ ప్రధానమంత్రిగా ఆఫ్గను యుద్ధవ్యయములో కొంత బ్రిటిషు బొక్కసమునుండి ఇప్పించిన మాట నిజమే. కాని 1882లో ఈజిప్టుకు పంపిన భారతసేనల వ్యయములో కొంతభాగము మన బొక్కసముపై పడెను. ఆ యుద్ధము మనది కాదు, ఆ నిర్ణయము మనది కాదు. యుద్ధము కోరినవారే ఖరీదు చెల్లింపవలెనన్న 1854 నాటి ధర్మము ఓడలో సముద్రము దాటుసరికి మునిగిపోయెను. ఒక జాతి తన కొఱకు కట్టుకొన్న నీతిని పరులకు తానై పంచదు. పరులు దానిని అడిగి తీసికొనవలసినదే.

మనవారు అడిగిరి. 1892 నాటి చట్టము శాసనసభలలో ఆయవ్యయపట్టికను చర్చించుటకు మాత్రము సెలవిచ్చెను. ఓటు లేని ఆ సభలో 1902లో గోపాలకృష్ణ గోఖలే లేచి, బొక్కసములోని మిగులు ప్రజల భాగ్యమునకు గుఱుతు కాదనియు, బీదలనుండి అవసరమునకు మించి పన్ను తీసినందుననే అది మిగిలెననియు వాదించెను. ఆయన చేతిలోని యాయుధము గ్లాడ్‌స్టన్ వాడినదే: అంకెలు, వాని వెనుకనున్న ధర్మము. 1921లో కేంద్రశాసనసభకు లెక్కల సంఘ మేర్పడెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము చట్టము లేనిదే పన్ను లేదని 265వ అధికరణమునను, చట్టప్రకారము గాక సంచితనిధినుండి సొమ్ము తీయరాదని 266వ దానను శాసించెను. ద్రవ్యబిల్లును రాజ్యసభ పదునాలుగు దినములలో తిప్పి పంపవలెనేగాని త్రోసివేయజాలదని 109వ అధికరణము. లెక్కల ప్రధాన తనిఖీ యధికారిని సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించు విధముననే గాని తొలగింపరాదని 148వది. 1967 నుండి పార్లమెంటు లెక్కల సంఘమునకు ప్రతిపక్షసభ్యుడు అధ్యక్షుడగుట మనకును ఆచారమైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల కెదుటను తనిఖీ నివేదికలు వచ్చుచున్నవి.

కావున తాళపుచెవి నేడు మన చేతనే యున్నది. అది తుప్పుపట్టకుండ చూచుట సభాసభ్యుల పని మాత్రమే కాదు. ఆయవ్యయపట్టిక వచ్చిన దినమున ఏ వస్తువు ధర పెరిగెను, ఏది తగ్గెను అని మాత్రము చూచి పత్రికను మడిచిపెట్టు గృహస్థుడు లెక్కలో సగమే చదివినవాడు. నిరుడు మన గ్రామపు బడికి, ఆసుపత్రికి, చెఱువునకు మంజూరైన సొమ్ము ఆ బడిని, ఆ ఆసుపత్రిని, ఆ చెఱువును చేరెనా యని అడుగుట మిగిలిన సగము. ఇంటి వెచ్చములకు కాసు తప్పకుండ లెక్క చూచు గృహిణులకు ఈ విద్య క్రొత్తది కాదు. దానిని గడప దాటించుటయే కావలసినది. అడుగువారు లేనిచోట ఎంత మంచి చట్టమైనను తాళము లేని పెట్టె.