మూసలో పుట్టిన ఉక్కు: కోనసముద్రం కథ

తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే గ్రామం ఉంది. పక్క ఊరి పేరులోనే కమ్మరి వినిపించే ఆ ప్రాంతం, రెండు శతాబ్దాల క్రితం వరకు పారశీక దేశపు వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన ఉక్కు కేంద్రం. అక్కడి పొలాల్లో నాగలికి తగిలే నల్లని మూస పెంకులు, ఇనుపచిట్టెపు దిబ్బలు తప్ప ఆ వైభవానికి నేడు కంటికి కనబడే గుర్తులు దాదాపు లేవు. ఆ పెంకులే లోహశాస్త్ర చరిత్రకారులకు ప్రధానమైన ఆధారాలు.

ముందుగా ఇనుమునకు, ఉక్కునకు గల భేదం తెలియాలి. పల్లె కొలిమిలో రాయి కరగదు. బొగ్గుల వేడిమికి ముడి ఖనిజం నుండి ఇనుము ముద్దగా వేరుపడుతుంది, దానిని సమ్మెటతో మోది చిట్టెమును తొలగిస్తారు. అది మెత్తని ఇనుము. కర్రుకు, గునపానికి సరిపోతుంది కాని పదును నిలుపుకోదు. ఆ ఇనుములో సుమారు ఒకటిన్నర శాతం కర్బనం చేరినపుడు అది కఠినమైన ఉక్కు అవుతుంది. కర్బనం చేరుటవలన కరుగు ఉష్ణోగ్రత కూడ తగ్గుతుంది. శుద్ధమైన ఇనుము 1538 సెంటిగ్రేడ్ డిగ్రీల వద్ద కరిగితే, కర్బనం నిండిన లోహం 1400 డిగ్రీల చేరువలోనే ద్రవమవుతుంది. మూత బిగించిన మట్టి మూసలో ఈ కార్యాన్ని సాధించుటయే దక్షిణాది కమ్మరుల విద్య.

కోనసముద్రం విధానాన్ని కంటితో చూచి వ్రాసినవాడు హెన్రీ వెస్లీ వాయిసీ. అతడు వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు, దేశమంతటిని కొలిచిన మహా త్రికోణమితీయ సర్వేలో ఉద్యోగి. 1824లో అతడు మరణించగా, అతని వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు ఊళ్ల ఇనుమును మూడు పాళ్లు, రెండు పాళ్లుగా కలిపేవారని, ఒకటి మిర్తపల్లిది, రెండవది కొండాపురానిదని అతడు నమోదు చేశాడు. మట్టి, పాత మూసల పొడి, వరి ఊక, నూనె కలిపి పిసికి మూసలు చేసేవారు. లోపల ఇనుముతోపాటు పాత కొలిమి నుండి వచ్చిన గాజు పెళ్ల ఒకటి వేసి, మూత బిగించి, తోలుతిత్తులతో ఒక పగలు ఒక రాత్రి గాలి ఊదేవారు. చల్లారిన తరువాత బయటపడిన ముద్దలను మట్టితో కప్పి, పన్నెండు నుండి పదహారు గంటలు తిరిగి వేడిచేసేవారు. ఇట్లు మూడు నాలుగు సార్లు చేస్తే గాని ఆ ఉక్కు సమ్మెటకు లొంగేది కాదు.

ఆ ఊరిలో ఇస్‌ఫహాన్ నుండి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు వాయిసీకి తారసపడ్డాడు. పారశీక దేశంలో ఈ ఊరి పేరు అందరికీ తెలుసునని, అక్కడ ఈ ఉక్కును చేయుటకు ప్రయత్నించి విఫలమయ్యామని అతడు చెప్పాడట. ఆ వర్తకుడు స్వయంగా దగ్గర నిలిచి పనిని పర్యవేక్షిస్తూ ఉండేవాడు. ఇస్‌ఫహాన్ నుండి కోనసముద్రం వరకు ఒక మనిషి వచ్చాడంటే, ఆ ముద్దల విలువ ఎంతటిదో ఊహించవచ్చు. అంతకు ముందే, 17వ శతాబ్దిలో, ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే పారశీకపు కత్తులకు కావలసిన ఉక్కు గోల్కొండ రాజ్యం నుండి వస్తుందని వ్రాసి ఉన్నాడు.

సరిహద్దు ప్రాంతాల వారికి ప్రత్యేకంగా తెలియదగిన విషయం ఒకటి ఉంది. కోనసముద్రం ఒక్కటే కాదు, నేటి కర్ణాటకలోని గట్టిహొసహళ్లి, తమిళనాడులోని మేల్‌సిరువలూరు మొదలైన చోట్ల కూడ ఇట్టి మూసల పెంకులు దొరికాయి. కొడుమణల్ తవ్వకాల్లో బయటపడిన ఆధారాలు ఇంకా ప్రాచీనమైనవి. అయితే విధానం అన్నిచోట్ల ఒకటి కాదు. 1800–01లో మైసూరు సీమలో తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, 1839లో సేలం ప్రాంతం గురించి వ్రాసిన జోసయ్య హీత్ ఇద్దరూ, మూసలో ఇనుముతోపాటు కట్టె ముక్కలు, పచ్చి ఆకులు వేసేవారని తెలిపారు. ఆ కట్టె మన తంగేడు. కన్నడిగులు ఆవరికె అని, తమిళులు ఆవారం అని పిలిచే చెట్టూ అదే. ఆకు విషయంలో ఇద్దరి మాట వేరు: ఒకరు తీగ జాతి ఆకు అన్నారు, ఇంకొకరు జిల్లేడు అన్నారు. కట్టె, ఆకు మూత లోపల మాడి కర్బనమై ఇనుములో చేరేవి. బాట పక్కన పూచే తంగేడు ఒకనాడు ఉక్కుకు ముడిసరుకు!

ఇక పేరు సంగతి. తెలుగులోను కన్నడంలోను ఉక్కు అనే మాట ఒకటే. కన్నడంలో వుక్కు అని కూడ పలుకుతారు. 1794లో బొంబాయి నుండి డాక్టర్ హెలెనస్ స్కాట్ ఈ లోహపు ముద్దలను లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపినపుడు దాని పేరు ‘వూట్జ్’గా మారింది. ‘వుక్’ అనే వ్రాతను ఎవరో తప్పుగా చదివి ఉంటారని ప్రసిద్ధ ఆంగ్లో-ఇండియన్ నిఘంటువు హాబ్సన్-జాబ్సన్ అభిప్రాయపడింది. ఒక గుమాస్తా పొరపాటు ఇరువందల ఏండ్లకు పైగా శాస్త్రగ్రంథాలలో నిలిచిపోయింది. 1795లో జార్జి పియర్సన్ ఆ ముద్దలను పరిశీలించి రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు.

ఆ తరువాత ఆ ముద్దలు మైకేల్ ఫారడే చేతికి వచ్చాయి. విద్యుత్తు విషయంలో అతని పేరు బడిపిల్లలందరికీ తెలుసు. అతడు కమ్మరి కొడుకన్న సంగతి తెలిసినవారు తక్కువ. కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1818 నుండి 1822 వరకు అతడు ఈ ఉక్కుపై ప్రయోగాలు చేశాడు. దీని గొప్పతనం అల్యూమినియం, సిలికా వలన వచ్చిందని అతడు తలచాడు. ఆ ఊహ తప్పు. కాని దానిని పరీక్షించుటకు ప్లాటినం, వెండి, రోడియం వంటి లోహాలను ఉక్కులో కలిపి చూశాడు. మిశ్రమ ఉక్కుల పరిశోధనకు అది తొలి అడుగుల్లో ఒకటి. అతని నమూనాలు 79 ఒక చెక్కపెట్టెలో మిగిలి ఉండగా, వాటిని రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ పరీక్షించి 1931లో గ్రంథం వెలువరించాడు. రష్యాలోని జ్లతౌస్త్‌లో పావెల్ అనోసొవ్ కూడ ఇట్టి ఉక్కును సాధించి 1841లో తన ఫలితాలను ప్రకటించాడు.

ఐరోపా కమ్మరులకు ఈ ముద్ద ముక్కలైపోయేది. తమ ఇనుమును తెల్లగా కాగేవరకు వేడిచేసి మోదుట వారి అలవాటు. కర్బనం ఎక్కువగా ఉన్న ఈ ఉక్కు అంత వేడిలో పగులుతుంది. ముదురు ఎరుపు రంగులో ఉన్నప్పుడే ఓర్పుతో మోదాలి. ఆ ఓర్పు గలిగిన చేతుల్లోనే కత్తిమీద నీటి అలల వంటి గీతలు వచ్చేవి. ఈ గీతలకు కారణం 1998 వరకు సరిగా తేలలేదు. అమెరికాలో ఆచార్యుడు జాన్ వెర్హోవెన్, కత్తుల కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి పనిచేసి, ఖనిజం నుండి ఉక్కులోకి చేరిన వనేడియం వంటి మూలకం 0.01 శాతం కంటె తక్కువగా ఉన్నా సరే, అది గట్టి కార్బైడు కణాలను వరుసలుగా కూర్చుతుందని చూపారు. అంటే ఏ గుట్ట ఖనిజమో అన్నది కీలకం. ఖనిజపు వనరు మారితే, కమ్మరి నేర్పు చెక్కుచెదరకున్నా గీతలు రాకపోవచ్చు.

మూస గురించిన పరిశోధన ఇంతకంటె తక్కువ ఆసక్తికరం కాదు. దక్కను మూసల పెంకులను థెల్మా లో అనే పరిశోధకురాలు సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. మట్టిలో కలిపిన వరి ఊక మాడి కర్బనమై మిగులుతుంది, ఊకలో సహజంగా ఉన్న సిలికా వేడికి మారి గోడను పట్టి నిలుపుతుంది. ఒక పగలు, ఒక రాత్రి అగ్నిలో నిలిచిన పాత్రకు బలమిచ్చినది కళ్లంలో రాలిన పొట్టు.

ఈ వృత్తి 19వ శతాబ్దంలో సన్నగిల్లింది. కత్తుల స్థానంలో తుపాకులు వచ్చాయి, ఓడల మీద చౌకైన విలాయతి ఇనుము దిగింది, బ్రిటిషు ఏలుబడిలోని జిల్లాలలో అడవిపై ఆంక్షలు పెరిగి బొగ్గు ప్రియమైంది. పని చేసిన వారి పేర్లు ఏ గ్రంథంలోను లేవు. ఇస్‌ఫహాన్ వర్తకుని పేరు మిగిలింది, కోనసముద్రం కమ్మరి పేరు మిగలలేదు.

ఇప్పుడు ఆ పేరులేని వారిని గురించి చెప్పగలిగినది నేల ఒక్కటే. చిట్టెపు దిబ్బలను రోడ్లకు, పునాదులకు తవ్వి తీసుకుపోయినా, ట్రాక్టర్లతో చదును చేసినా ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. దిబ్బ ఉన్న చోటనే పరిశోధకుడు కొలిమి ఎక్కడ ఉన్నదో, ఎన్ని మూసలు పగిలాయో లెక్కగట్టగలడు. పెంకు ఒక్కటే ఇంటికి తెస్తే సగం విషయం పోతుంది.

ఇట్టి పెంకును కుండ పెంకు నుండి గుర్తించుట కష్టం కాదు. విరిగిన అంచు ఎర్రగా గాక బొగ్గువలె నల్లగా ఉంటుంది. బయటి వైపు కరిగి కారిన గాజు పూత ఉంటుంది. లోపలి గోడ మీద అడ్డంగా గాజు అంచు గీత ఒకటి కనబడవచ్చు. లోహం ద్రవంగా ఉన్నప్పుడు ఎంత ఎత్తు నిలిచిందో ఆ గీత చెబుతుంది. దాని కింది ఖాళీయే ఒకనాటి ఉక్కు ముద్ద కొలత.