పాతికతో ఆగని బేతాళుడు

జూలై వచ్చిందంటే చందమామ మీద ఒక వ్యాసం పడాల్సిందే. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక కదా. ఈసారి జ్ఞాపకాలు కాస్త తగ్గించి, కథలో పాత్ర ఎవరి సొత్తు అన్న సంగతి చూద్దాం.

ఈ తగాదా హాలీవుడ్‌లో బాగా ముదిరింది. 'స్టార్ వార్స్' లైసెన్సు మీద ఏళ్ళ తరబడి వచ్చిన నవలల్నీ కామిక్స్‌నీ 2014 ఏప్రిల్‌లో లూకాస్‌ఫిల్మ్ 'లెజెండ్స్' పేరుతో అటకెక్కించింది. ఇక అవేవీ అసలు కథలో జరగనట్టే లెక్క. వాటిని నమ్మి పెరిగిన పాఠకులు లబోదిబోమన్నారు.

మన విక్రమార్కుడికి ఇలాంటి బెంగ ఎన్నడూ లేదు. ఆయన కథలకి మూలమనే గుణాఢ్యుడి బృహత్కథ పోయింది. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో బేతాళుడున్న శవాన్ని మోసే రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం. తర్వాతెప్పుడో ఆయనే ఉజ్జయిని విక్రమార్కుడైపోయాడు. పేరూ ఊరూ మారినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తెలుగులో కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలోనూ ఆ విక్రమార్కుడి కథలే.

రాజు జవాబు చెప్పిన ప్రతిసారీ శవం మళ్ళీ చెట్టెక్కే బేతాళుడి ఆట సోమదేవుడి దగ్గర ఒకచోట ముగుస్తుంది. ఒక రాజు ఒకామె కూతుర్నీ, ఆ రాజు కొడుకు ఆ తల్లినీ పెళ్ళాడితే, పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారన్నది చివరి ప్రశ్న. వరసల్లో ఆరితేరిన మన పెద్దమ్మలకి కూడా తెగదది! రాజు నోరు మెదపడు. దాంతో కథ అయిపోతుంది.

కొన్ని వందల ఏళ్ళు దాటేసి మద్రాసు వడపళనిలోని చందమామకి వస్తే, అక్కడి బేతాళ కథల్లో ఆ మౌనం రాకూడదు. వస్తే శీర్షిక ఆగిపోతుంది. అందుకే పాత కథలు అయిపోయాక కూడా కొత్త కథలకి చివర ఒక చిక్కుప్రశ్న తగిలించి దశాబ్దాలు నడిపారు. కథ ఎవరు రాసినా చెట్టు అదే, శ్మశానం అదే, రాజుకి జవాబు తెలిసే తీరాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు వచ్చిన కథల్ని దిద్ది, ఒక్క గొంతులోకి తెచ్చారు. తోకచుక్క లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ సీరియల్స్ మీద ఉండేది కాదు. అన్నీ చందమామ రాసినట్టే అనిపించేది. దాన్ని పాఠకుడిగా ఇష్టపడ్డాను, రాసేవాడిగా మాత్రం కొంచెం గుచ్చుకుంటుంది.

బేతాళ కథలకి శంకర్ వేసిన బొమ్మ సంగతి వేరు. ఒక చేతిలో కత్తి, భుజాన శవం. కర్ణాటకలో పావగడ తాలూకా అరసికెరె వైపు తెలుగిళ్ళలో మాట తెలుగు, బడి కన్నడం. అక్కడి పిల్లవాడికి కన్నడ చందమామలో అక్షరాలు మారినా అదే రాజు, అదే కత్తి.

1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షన్ పేర్లు లేని ఆ రాతల విషయంలో తమాషాగా ఉంటుంది. పత్రికలో జీతానికి పనిచేసేవాడు ఆ పత్రిక కోసం రాసినదానిపై, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో అచ్చేసే హక్కు యజమానిది, మిగతా హక్కులు రాసినవాడివి. అంటే పుస్తకం వేసే హక్కు ఆ పేరు లేని ఉద్యోగిదే!

1985లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ విక్రమ్ ఔర్ బేతాల్ తీశాడు. మూలం సోమదేవుడిదే కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2007లో చందమామ ముంబయి జియోడెసిక్ కంపెనీ చేతికి వెళ్ళింది, కొన్నేళ్ళకి ఆగిపోయింది. హాలీవుడ్‌లోని ఆ చిక్కు ఇప్పుడు మన సినిమాలకీ వచ్చింది, ఇక బాహుబలి వంతు. 2017లో ఆనంద్ నీలకంఠన్ శివగామి నవల ఇంగ్లీషులో వచ్చింది, యానిమేషన్లు వచ్చాయి, నెట్‌ఫ్లిక్స్ సిరీస్ మధ్యలో ఆగింది. 2024లో కల్కి సినిమాకి ముందుకథగా బుజ్జి, భైరవల యానిమేషన్ వచ్చింది. ఏది ముందు, ఏది తర్వాత, ఏది లెక్కలోకి రాదు అన్నది నిర్మాతలు చెబితేనే తెలియాలి.

విక్రమార్కుడి కథ ఇవాళ ఎవరైనా రాసుకోవచ్చు. శంకర్ 2020లో పోయారు. రచయిత పోయాక అరవై ఏళ్ళన్న లెక్కన, ఆ కత్తీ శవమూ ఉన్న బొమ్మని మాత్రం 2080 చివరిదాకా అడగకుండా వాడుకోలేం.