ఏజెన్సీ

ద్రాక్షారామంలో ‘ఏజెన్సీ’ అంటే గ్యాస్ సిలిండర్లు ఇచ్చే దుకాణం కావచ్చు, ‘ఏజెన్సీకి బదిలీ అయింది’ అని ఉపాధ్యాయుడు దిగులుగా చెప్పే రంపచోడవరం వైపు కొండలూ కావచ్చు. రెండోదానికి మూలం 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ‘ఏజెంటు’గా నిలిపింది. ఏజెంటు ఏలేది ఏజెన్సీ. 1874 షెడ్యూల్డ్ జిల్లాల చట్టం తర్వాత గోదావరి మన్యానికీ ఆ పేరు అంటుకుంది. మన్యమనే సొంత మాట ఉండగా కచేరీ మాటే వాడుకలో గెలిచింది.

ఆ గోదావరి మన్యంలోనే 1879లో రేగిన రంప పితూరీకి (తిరుగుబాటుకు) కల్లు పన్ను ఒక కారణం. మైదానపు వర్తకులు కొండవాళ్ల చేత రాయించుకున్న అన్యాయపు ఒప్పందాలు, వాటిమీద తెచ్చుకున్న కోర్టు డిక్రీలు మరొకటి. చరిత్ర పాఠాల్లో ఈ రెండోదాన్ని మనం, అంటే డెల్టావాళ్లం, కాస్త తొందరగా దాటేస్తాం.

గిరిజనుడి భూమి పరులకు పోవాలంటే ఏజెంటు అనుమతి ఉండాలని 1917 చట్టం అంది. 1959 నిబంధనకు 1970లో వచ్చిన సవరణ మరీ గట్టిది. దాని సంఖ్యే ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా జనం నోట నిలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు తన భూమిని మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకివ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.