రాయి ఎవరిది? కట్టడం ఎవరిది?

చారిత్రక కట్టడాలను కాపాడుకోవాలనే మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా దక్కిన తర్వాత ఆ మాటకు మరింత బలం వచ్చింది. మంచిదే. కాపాడాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. దేన్ని కాపాడుతున్నాం? ఎవరిని పక్కకు నెట్టి కాపాడుతున్నాం? కాపాడిన దాని మీద ఎవరి పేరు రాస్తున్నాం? ఈ మూడు ప్రశ్నలూ వేసుకోకుండా వారసత్వం గురించి మాట్లాడటమంటే పాలకవర్గాల ఆస్తి జాబితాను మన చరిత్రగా వొప్పుకోవటమే అవుతుంది.

ముందు ఒక దూరదేశపు ఉదాహరణ చూద్దాం. ఫ్రాన్సు దక్షిణాన రోన్ నది ఒడ్డున ఆర్ల్ అనే పట్టణముంది. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర రోమన్లు అక్కడ ఇరవై వేలమంది పట్టే క్రీడారంగాన్ని కట్టారు. 12వ శతాబ్దంలో అదే పట్టణంలో సెయింట్ ట్రోఫీమ్ చర్చి ముఖద్వారాన్ని అద్భుతమైన శిల్పంతో నింపారు. ఈ రెండు కాలాల మధ్య జరిగింది ఏమిటి? రోమన్ సామ్రాజ్యం కూలిపోయాక సామాన్య జనం ఆ క్రీడారంగంలోకే వెళ్లి తలదాచుకున్నారు. దాని గోడలే కోటగోడలయ్యాయి. లోపల రెండు వందలకు పైగా ఇళ్లు లేచాయి, ప్రార్థనా మందిరాలు వెలిశాయి. శతాబ్దాల పాటు అదొక ఊరు. 1825 నుంచి ఆ ఇళ్లన్నీ కొట్టేసి, ఊరిని ఖాళీ చేయించి, దాన్ని మళ్లీ "కట్టడం"గా మార్చారు. 1830లో అందులో జరిపిన మొదటి ఉత్సవం ఎద్దుల పందెం. సందర్భం ఏమిటంటే, ఫ్రెంచి సేనలు అల్జీర్స్‌ను ఆక్రమించటం! కట్టడాన్ని కాపాడటానికీ జనాన్ని ఖాళీ చేయించటానికీ వలస రాజ్య విస్తరణకూ మధ్య వున్న సంబంధం ఇంతకంటే స్పష్టంగా మరెక్కడ కనిపిస్తుంది?

ఆర్ల్ కట్టడాలు 1981లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. సరిగ్గా అదే సంవత్సరం మన కృష్ణానది ఒడ్డున శ్రీశైలం జలాశయం కోసం ఇళ్లు కూలగొట్టి జనాన్ని తరిమారు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో వందకు పైగా గ్రామాలు, సుమారు లక్షమంది ప్రజలు నిర్వాసితులయ్యారు. ఆ ముంపులోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయీ విప్పి, అంకెలు వేసి, అలంపురానికి తరలించి తిరిగి నిలబెట్టారు. ఆ పనిచేసిన ఇంజనీర్ల, కూలీల నైపుణ్యం గొప్పది. ఆ గుడి నిలిచినందుకు సంతోషించని వాడుండడు. కాని గుడిరాళ్లకు అంకెలు వేసి లెక్క తప్పకుండా తరలించగలిగిన వ్యవస్థ, మనుషుల విషయంలో అంత శ్రద్ధ ఎందుకు చూపలేకపోయిందన్న ప్రశ్న మాత్రం మిగిలేవుంది.

ఇక మన నల్లగొండ సీమకు వద్దాం. ఆర్ల్‌లో ఒకే పట్టణంలో కనిపించే రెండు పొరలూ ఇక్కడ కృష్ణా, మూసీ లోయల పొడుగునా పరుచుకొని వున్నాయి. మొదటిది రోమ్‌తో వర్తకం నడిచిన శాతవాహన, ఇక్ష్వాకుల కాలపు బౌద్ధం. ఫణిగిరి, తిరుమలగిరి, ఏలేశ్వరం, నది అవతల నాగార్జునకొండ దాని గుర్తులు. రెండవది 12, 13 శతాబ్దాల కందూరు చోడుల, కాకతీయ సామంతుల కాలం. పానగల్లు, పిల్లలమర్రి, నాగులపాడు గుళ్లు దాని సాక్ష్యాలు. సెయింట్ ట్రోఫీమ్ ద్వారం చెక్కిన శతాబ్దం ముగిసేనాటికి పిల్లలమర్రిలో రేచెర్ల రెడ్లు గుళ్లు కట్టిస్తున్నారు. అక్కడి శాసనాలు 1195, 1208 నాటివి.

నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. గ్రీకుల మద్యదేవతను తలపించే శిల్పమొకటి అక్కడి స్తంభం మీద వుంది. ఫణిగిరిలోనూ రోమన్ నాణెం దొరికింది. అక్కడి తోరణం 2023లో న్యూయార్క్ మ్యూజియం దాకా వెళ్లింది. ఇవన్నీ పర్యాటక కరపత్రాల్లో వుంటాయి. వాటిలో కనిపించనిది మరొకటుంది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో చైత్యగృహం కట్టించి ఒక శాసనం వేయించింది. కాశ్మీరం, గాంధారం మొదలుకొని చీనా, యవన, సింహళ దేశాల పేర్లు అందులో వున్నాయి. శాసనం చివర పని చూసిన థేరుల పేర్లు చెప్పి, ఆ తర్వాత "సేలవఢకి", అంటే రాతిపని చేసిన వడ్రంగి, విధికుని పేరు చెక్కారు.

నాకు ఆ రోమన్ నాణేలన్నిటి కంటే ఈ ఒక్క పేరే విలువైనదిగా కనిపిస్తుంది. రాజుల పేర్లు, రాణుల పేర్లు, దాతల పేర్లు శాసనాల నిండా వుంటాయి. ఉలి పట్టిన చెయ్యి తన పేరు తాను రాసుకోగలిగిన సందర్భాలు బహు స్వల్పం. విధికుడు మినహాయింపు, నియమం కాదు. పిల్లలమర్రి శాసనాలకు వచ్చేసరికి గుడికి భూమి ఎవరిచ్చారో, ఏ చెరువు కింద ఇచ్చారో వుంటుంది. ఆ చెరువు తవ్విన వాడు, ఆ మడి దున్నిన వాడు కనిపించడు. గుడి, చెరువు, పొలం - ఈ మూడూ కలిసిందే మధ్యయుగపు భూస్వామ్య ఆర్థిక వ్యవస్థ. చెరువు నీటితో పండిన మిగులే గుడి స్తంభాల మీద శిల్పమైంది. ఈ సంబంధాన్ని చూడకుండా శిల్పాన్ని మాత్రమే పొగడటం సగం చరిత్ర చెప్పటమే.

ఈ దృష్టితో చూస్తే మేళ్లచెరువు విశేషం బోధపడుతుంది. పేరులోనే చెరువుంది. కాకతీయుల నాటిదిగా చెప్పుకునే శంభులింగేశ్వరుని గుడి వుంది. శివరాత్రి జాతరకు ప్రభలు కట్టుకొని జనం వస్తారు, ఎడ్లు బండలు లాగుతాయి. అది జనాన్ని ఖాళీ చేయించి నిలబెట్టిన కట్టడం కాదు. ఊరి మధ్య బతుకుతున్న కట్టడం. అయితే మేళ్లచెరువు ఇవాళ ప్రసిద్ధమైంది గుడితో కాదు, సిమెంటుతో. ఆ నేల అడుగున వున్నది సున్నపురాయి. ఇక్ష్వాకుల నాటి శిల్పులు నాగార్జునకొండలో చెక్కింది కూడా ఈ పలనాటి సున్నపురాయి కుటుంబానికి చెందినదే. ఒకే జాతి రాయి ఒకనాడు విధికుని ఉలి కింద చైత్యమయింది, ఈనాడు బట్టీలో పడి బస్తాకెక్కుతోంది. మధ్యలో మరో దశ కూడా వుంది. అమరావతి స్తూపం ఫలకాలు 18వ శతాబ్దం చివర కొత్త కట్టడాలకు పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి.

సిమెంటు వద్దని నేననటం లేదు. ఇల్లు కావాలి, బడి కావాలి, ఆనకట్ట కావాలి. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. ఆ లోయలో 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాల్లో బయటపడిన కట్టడాలలో కొన్నిటిని కొండ మీదికీ, అనుపుకూ చేర్చారు. ఏలేశ్వరంలో ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపారు. తక్కినదంతా నీటిలో మునిగింది. కాని ఆ ఎడమ కాలువ నీళ్లతోనే హుజూర్‌నగర్ ప్రాంతపు మెట్టచేలు వరిమళ్లయ్యాయన్నది కూడా నిజమే. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయం కింద మళ్లీ ఈ ప్రాంతపు ఊళ్లే మునిగాయి. అభివృద్ధికీ వారసత్వానికీ పోటీ అనే వాదన అందువల్ల పైపై వాదన. అసలు ప్రశ్న, రెండింటి ఫలితమూ ఎవరికి దక్కుతోంది, రెండింటి నష్టమూ ఎవరి నెత్తిన పడుతోంది అన్నదే.

ఇక్కడే రచయితల బాధ్యత వస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాసి రాజుల చరిత్ర నుంచి జనం చరిత్ర వైపు దారి వేశారు. బి.ఎన్. శాస్త్రి నల్లగొండ జిల్లాలో ఊరూరా తిరిగి శాసనాలు సేకరించారు. ఆ పని అక్కడే ఆగిపోకూడదు. శాసనం రాతి మీద వున్నదాన్ని చెబుతుంది. రాతి మీదికెక్కని దాన్ని చెప్పవలసింది మనం. మునిగిన ఊళ్ల వాళ్లు పునరావాస కాలనీల్లో ఇంకా వున్నారు. తమ ఊరి బొడ్రాయి ఎక్కడుండేదో, ఏ గుడి ముందు ఏ పండుగ జరిగేదో చెప్పగలిగిన ముసలివాళ్లున్నారు. సున్నపురాయి గనుల్లో పనిచేసే వాళ్లున్నారు. సాహిత్య విద్యార్థులు పరిశోధన కోసం పద్యకావ్యాలనే కాదు, ఈ మనుషుల మాటలనూ పట్టుకోవాలి. మండలానికొకరు పూనుకొని ఊరి శాసనాన్నీ, ఊరివాళ్ల జ్ఞాపకాన్నీ పక్కపక్కన పెట్టి రాస్తే, పర్యాటక శాఖ బోర్డు మీద లేని చరిత్ర తయారవుతుంది. విధికుని పేరు పదిహేడు వందల ఏళ్లు నిలిచింది, ఎవరో ఒకరు దాన్ని రాయదగిన పేరుగా గుర్తించబట్టే. ఇప్పటి విధికుల పేర్లు రాయటం మన పని.