ఒక్క రోజులో మా షహర్

హైదరాబాద్‌ను ఒక్క రోజులో చూపించమని వచ్చే దోస్తులు మాకు ఎప్పుడూ ఉంటారు. గుంటూరు నుంచో, కర్నూలు నుంచో, వరంగల్ నుంచో పొద్దున రైలు దిగుతారు, రాత్రికి మళ్ళీ రైలెక్కేస్తారు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, గోల్కొండ, మధ్యలో బిర్యానీ. ఇదీ వాళ్ళు రాసుకొచ్చిన జాబితా. నగర దర్శనం బస్సులు తిరిగే దారీ ఇంచుమించు ఇదే. సాయంత్రానికి అందరి నోటా ఒకటే మాట: "మీ నవాబులు భలే బతికారు భాయ్!"

ఆ "మీ" దగ్గరే మాకు పేచీ. మా వాళ్ళలో నవాబులు ఎంతమంది? రిక్షాలు తొక్కినవాళ్ళు, పంక్చర్లు వేసేవాళ్ళు, జరీ పని చేసేవాళ్ళు, లక్కగాజులకు రాళ్ళు అతికే ఆడవాళ్ళు. వీళ్ళంతా సాయిబులు కాబట్టి నిజాం వారసులే అని లెక్క. కొండవీడు చూసొచ్చి అక్కడి కౌలురైతును పట్టుకొని "మీ కోట భలే ఉందండీ" అని ఎవరూ అనరు. మా విషయానికొచ్చేసరికి మాత్రం ప్రతి మినారూ మా సొంత ఆస్తి అవుతుంది. దానితోపాటు ఆ మినార్లు కట్టినవాళ్ళ ప్రతి పాపానికీ మేమే జవాబు చెప్పుకోవాలి. లౌకికవాదులైన మిత్రులకు కూడా ఈ అలవాటు ఉంది. వాళ్ళది ప్రేమతో వచ్చిన అలవాటు, అంతే తేడా.

అందుకని కొన్నేళ్ళుగా మేం దారి మార్చాం. గోల్కొండ వదిలేస్తాం. ఎక్కి దిగేసరికి సగం రోజు పోతుంది. పొద్దున్నే పురానాపూల్ దగ్గర నిలబెడతాం. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన వంతెన ఇది. చార్మినార్ కట్టింది 1591లో. అంటే ఊరి కంటే ముందే వంతెన వచ్చింది. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతున్నారు. కింద మూసీ కంపు. దోస్తులు ముక్కు మూసుకుంటారు. మూసుకోనీ, చెప్పాల్సింది చెబుతాం.

ఈ ఇబ్రహీంను తెలుగు కవులు మల్కిభరాముడు అన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్ర రాసిన పొన్నెగంటి తెలగనార్యుడు దాన్ని అంకితమిచ్చింది పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు. సంస్కృతం ముక్క తగలకుండా రాసిన తొలి తెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్‌సాబ్! తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళకు ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న. మాకు మాత్రం "మీ తెలుగు బాగుందే, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగిన ప్రతిసారీ గుర్తొచ్చే సంగతి.

ఇంకో మాట కూడా అక్కడే చెబుతాం. గోల్కొండను కూలదోసింది ఎవరు? ఔరంగజేబు. ఎవరిని? అబుల్ హసన్ తానీషాను. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాళ్ళే ద్రోహం చేసి తలుపు తీస్తే కోట పడింది. తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నలు అంతకు ముందు ఏడాదే హతులయ్యారు. వాళ్ళ మేనల్లుడు కంచర్ల గోపన్న అదే తానీషా చెరసాలలో ఉన్నాడు. ఈ కథను హిందూ ముస్లిం పద్దులో ఏ పక్కన రాస్తారో రాయండి చూద్దాం.

అక్కడి నుంచి చార్మినార్. అది చూపించకపోతే దోస్తీ చెడుతుంది, కనుక చూపిస్తాం. భాగమతి కథ అడుగుతారు. నిజమని కొందరు చరిత్రకారులు, కట్టుకథని ఇంకొందరు. ఊరు మాత్రం ఆ కథను వదులుకోలేదు. మక్కా మసీదు 1617లో మొదలై 1694లో పూర్తయింది. కుతుబ్‌షాహీలు పునాది వేస్తే, వాళ్ళను పడగొట్టిన ఔరంగజేబు కాలంలో ముగిసింది. దాని వాకిట్లో 2007 మే 18న బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్ళు చనిపోయారు. తర్వాత పోలీసులు పట్టుకుపోయింది కూడా ఈ గల్లీల పిల్లలనే. కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలేశాయి. పోయిన ఏళ్ళు, పోయిన చదువులు, కుదిరి తప్పిపోయిన పెళ్ళిళ్ళు ఏ కోర్టు తిరిగిస్తుంది? బస్సులో వచ్చే గైడ్లు 1694 దగ్గర ఆగిపోతారు. మేం ఆగం.

లాడ్‌బజార్‌లో గాజులు కొనిపిస్తాం. హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ కొట్లో మెరిసే గాజు వెనుక చీకటి గదిలో, బొగ్గుల సెగ దగ్గర లక్క సాగదీసే చేతులున్నాయి. దోస్తుల్లో ఆడవాళ్ళు ఉంటే బేరం కాస్త మెల్లగా ఆడమంటాం.

మధ్యాహ్నం బాద్‌షాహీ అషుర్‌ఖానా. పత్తర్‌గట్టికి దగ్గరలోనే ఉన్నా జాబితాల్లో కనపడదు. చార్మినార్ తర్వాత నాలుగైదేళ్ళలోపే కట్టింది. గోడల మీద రంగురంగుల పెంకుల పని. పైభాగం అసలుది. 1908 వరదకు దెబ్బతిన్న కిందిభాగంలో పెంకుల స్థానంలో రంగులే పూశారు. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడే చెబుతుంది. ఇక్కడ నిలబెట్టేది ఆలమ్‌లను. పల్లెల నుంచి వచ్చిన దోస్తులకు వెంటనే పోలిక తెలుస్తుంది: "ఇవి మా ఊరి పీర్లే కదా!" అవే. మీ ఊళ్ళో పీర్లను ఎత్తుకొని నిప్పుల గుండంలో నడిచేది ఎవరు? అడుగుతాం. సగం మంది ఇళ్ళల్లో ఎత్తుకున్న తాత ఒకడు ఉంటాడు, ఆయన సాయిబు కానక్కర్లేదు.

వరద మాట వచ్చింది కాబట్టి నది దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి తీసుకెళ్తాం. 1908 సెప్టెంబరు 28న ఇక్కడి చింతచెట్టు 150 మందిని కొమ్మల మీద బతికించింది. నగరంలో పోయినవాళ్ళు 15 వేలని లెక్క. చెట్టెక్కినవాళ్ళ పేర్లు, మతాలు ఎవరూ రాసిపెట్టలేదు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య వచ్చారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

కోఠీ దాకా నడకే. రెసిడెన్సీ భవనం, అంటే ఒకప్పటి మహిళా కళాశాల, దోస్తులకు నచ్చుతుంది. కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ ఈమధ్య బాగా పేరుకెక్కింది. మేం మాత్రం 1857 జూలై 17న ఈ గోడల మీదికి దండెత్తినవాళ్ళ గురించి చెబుతాం. తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్. నిజాం, సాలార్‌జంగ్ ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచారు. తుర్రెబాజ్‌ఖాన్‌ను 1859లో చంపి, శవాన్ని జనం చూసేటట్టు వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపితే అక్కడే పోయాడు. నిజాం వారసులమని మమ్మల్ని అనేవాళ్ళు తుర్రెబాజ్‌ఖాన్ వారసులమని ఎందుకు అనరు? ఒక రోడ్డుకు ఆయన పేరుంది, కానీ ఆ పేరుతో ఆటో పిలిస్తే ఆటోవాలా తెల్లమొహం వేస్తాడు. అదే వాడలో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు లేకపోతే తెలుగువాళ్ళు వెతుక్కున్న చోటు అది. అదీ చూపిస్తాం. ఉర్దూ మా తల్లిభాష అయినంత మాత్రాన, తెలుగు పిల్లవాడికి బడిలో తన భాష దొరకలేదన్న సంగతిని దాచిపెట్టం.

తర్వాత కాచిగూడ, లింగంపల్లి చౌరస్తా. దోస్తులు చుట్టూ చూసి, "ఇక్కడేముంది?" అంటారు. ఏమీ లేదు, ట్రాఫిక్ ఉంది. 1948 ఆగస్టులో ఒక రాత్రి 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఇక్కడ రజాకార్లు చంపారు. రాసే చెయ్యి నరికారు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాయడమే ఆయన నేరం. ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. పత్రికల్లో పనిచేసే మాకు ఈ చౌరస్తా దాటుతుంటే ఇప్పటికీ అడుగు తడబడుతుంది.

నెల తిరక్కుండానే, సెప్టెంబరు 13 నుంచి 17 వరకు, పోలీసు చర్య. రజాకార్లు ఊళ్ళ మీద పడి చేసిన దుర్మార్గాలను తెలంగాణ మరిచిపోలేదు, మేమూ మరిచిపోమనం. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు తిరిగి చచ్చిపోయిన బందగీ మావాడే. కానీ పోలీసు చర్య జరిగాక జిల్లాల్లో ఏం జరిగింది? నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం ఊరూరా తిరిగి వేసిన అంచనా ప్రకారం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ఎక్కువగా నష్టపోయాయి. ఆ నివేదిక జనం కంటపడింది 2013 నాటికి. అరవై అయిదేళ్ళు! సెప్టెంబరు 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. ఆ రోజుల్లో బావిలో దూకిన మా ఆడవాళ్ళ గురించి అడిగితే మాత్రం మూడు వేదికలూ గొంతు సవరించుకుంటాయి. షోయబుల్లాఖాన్ పేరు చెప్పి మమ్మల్ని మెచ్చుకొనే మిత్రులు, సుందర్‌లాల్ పేరు ఎత్తగానే "ఇప్పుడెందుకులే భాయ్" అంటారు. మాకు ఆ రెండు పేర్లూ ఒకే వాక్యంలో కావాలి.

చివరికి ఆర్ట్స్ కాలేజీ. సాయంత్రపు ఎండలో గులాబీరంగు రాయి బాగుంటుంది. 1918లో పుట్టిన ఉస్మానియాలో వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో చెప్పారు. దారుల్ తర్జుమా పండితులు పుస్తకాలు తర్జుమా చేసి, శాస్త్రపదాలు కూర్చారు. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను వెళ్ళగొట్టింది కూడా ఈ విశ్వవిద్యాలయమే. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది. ఉర్దూ పోయిన చోటికి తెలుగు వచ్చి ఉంటే కనీసం అదో లెక్క. 1998లో ఊరి అంచున గచ్చిబౌలిలో మళ్ళీ ఒక ఉర్దూ విశ్వవిద్యాలయం పెట్టారు. పాతబస్తీ పిల్ల అక్కడికి చేరాలంటే ఊరంతా దాటాలి. 2020లో మెట్రో ఇమ్లీబన్ దాకా వచ్చి నిలిచింది. దాన్ని పాతబస్తీలోకి తెచ్చే పని ఏళ్ళ తరబడి వాయిదా పడుతూ వచ్చింది.

మెట్ల మీద కూర్చుని ఇంత చెప్పేసరికి రైలు టైమవుతుంది. బిర్యానీ పొట్లం కట్టించి ఇస్తాం. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం చూపించలేదని ఒకరిద్దరు అలుగుతారు. శుక్రవారం మ్యూజియం ఉండదు, ఈసారి ఇంకో రోజు చూసుకొని రమ్మంటాం.